నిఘంటువు – మన ఇంటి బడి



ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఉంటుందో మన ఆడవాళ్ళకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. పంచాంగం దేవుడి గూట్లో, రేషను కార్డు ట్రంకుపెట్టెలో, మందుచీటీలు గడియారం వెనకాల. మరి ఇంగ్లీషు నిఘంటువు ఎక్కడుందని అడిగితే? పిల్లలు హైస్కూల్లో చేరిన ఏడు కొన్నది, అట్ట ఊడిపోయి, బీరువా పైన దుమ్ము కొట్టుకుని ఉంటుంది. లేకపోతే ఇప్పటి రోజుల్లో ఫోనులోనే ఉంటుంది. అక్కడా దానికి దుమ్ము పట్టినట్టే లెక్క. ఈ పూట ఆ నిఘంటువు కథ మీతో ముచ్చటించాలని ఉంది. ఆ కథతో మనకేం పని అంటారేమో! పని ఉంది. అది చెప్పడానికి ముందు నా తెలివితక్కువతనం ఒకటి మీ ముందు పెట్టాలి.

మా పుట్టిల్లు ఇందుకూరుపేట. నెల్లూరు నుంచి మైపాడు సముద్రానికి పోయే దోవలో ఉంటుంది. నా చదువు పదో తరగతితో ఆగింది. ఆగితేనేం, ఇంటికొచ్చే ఇంగ్లీషు కాగితాలు చదివి చెప్పేది నేనే. అమ్మకు ఆ సంగతి కొంత గర్వంగా కూడా ఉండేది. నాన్నగారు పోయిన ఏడాది, ఆయనకు రావలసిన బాకీ తాలూకు అమ్మ పేర ఒక ఉత్తరం వచ్చింది. దాంతోపాటు ఒక చెక్కు. మేము అడిగిన మొత్తంలో అది సగం కూడా లేదు. ఉత్తరంలో ‘వితౌట్ ప్రెజుడిస్’ అని ఉంది. నేను నాన్నగారి పాత నిఘంటువు తీసి ‘ప్రెజుడిస్’ అన్న మాట వెతికాను. మొదటి అర్థం – దురభిప్రాయం. అంతే, పుస్తకం మూసేశాను. ‘‘మన మీద దురభిప్రాయం ఏమీ లేదంటమ్మా, ఇచ్చింది పుచ్చుకుని ఊరుకోమంటున్నారు’’ అని చెప్పాను. అమ్మకు పౌరుషం వచ్చింది. ‘‘మీ నాయన కష్టాన్ని ముష్టిగా పుచ్చుకోను’’ అని చెక్కు తిరిగి పంపించేసింది.

మళ్ళీ ఆ డబ్బు చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఈలోపల అమ్మ చేతి గాజులు రెండు నెల్లూరు పోయాయి. అవి మళ్ళీ ఇంటికి రాలేదు.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవారు. చాలా ఏళ్ళు ప్లీడరు గుమాస్తాగా పనిచేసిన మనిషి. ఆయన్ని తాతయ్యా అని పిలిచేదాన్ని. ఉత్తరం నకలు ఆయనకు చూపిస్తే, కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. ‘‘అమ్మాయ్, మిగతా సొమ్ము మీద మీకున్న హక్కుకు భంగం లేకుండా ఇప్పటికి ఇది తీసుకోండి అని రాశారు గదా! పుచ్చుకుని, మిగతాదానికి పోట్లాడి ఉండొచ్చే’’ అన్నారు. నేను పరుగున ఇంటికి వచ్చి నిఘంటువు మళ్ళీ తెరిచాను. అదే మాట కింద, రెండు మాటల అవతల, నష్టం, హాని అని ఉంది. నేను ఆగిపోయిన చోటికి ఒక అంగుళం కింద! మర్నాడు తాతయ్యతో ఆ మాటే చెబితే ఆయన, ‘‘నువ్వు నిఘంటువు చూశావు గానీ, ఉత్తరం చూడలేదమ్మా’’ అన్నారు.

ఆ మాట అప్పుడు నాకు సరిగా అర్థం కాలేదు. నిఘంటువులు ఎవరు వ్రాశారు, ఎవరి కోసం వ్రాశారు, ఎలా వ్రాశారు అని చదువుకుంటూ పోయిన కొద్దీ బోధపడింది. ఆ చదివిన దాంట్లో మనకు పనికొచ్చేదే ఈ కథ.

మన దేశంలో మాటలు నేర్పడానికి ఎన్నో వందల ఏళ్ళ నుంచీ అమరకోశం ఉంది. అందులో మాటలు అకారాది వరసలో ఉండవు. స్వర్గం, దేవతలు, భూమి, చెట్లు, మనుషులు – ఇలా విషయాల వారీగా శ్లోకాల్లో కూర్చబడి ఉంటాయి. పిల్లవాడు ముందు కంఠస్థం చేయాలి, అర్థం తర్వాత. తెలుగులోనూ పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామ సంగ్రహం’ వంటివి పద్యాల్లోనే ఉన్నాయి. గురువుగారి ఎదుట కూర్చున్న వాడికే ఆ విద్య. గురువుగారి ఎదుట కూర్చునే అవకాశం ఆడపిల్లల్లో ఎందరికి దక్కిందో వేరే చెప్పనక్కర లేదు.

ఇంగ్లీషు దేశంలోనూ ఇదే తంతు. అక్కడ మగపిల్లలు బడిలో లాటిన్ చదివేవారు. ఆడపిల్లలకు ఆ బడి లేదు. 1600 ప్రాంతంలో ఇంగ్లీషులోకి లాటిన్, గ్రీకు, ఫ్రెంచి మాటలు వరదలా వచ్చి పడ్డాయి. చర్చిలో ప్రసంగం విన్నా, పుస్తకం తెరిచినా ఆడవాళ్ళకు అర్థం కాని మాటలే. అప్పుడు రాబర్ట్ కాడ్రీ అనే బడిపంతులు 1604లో లండనులో ఒక చిన్న పుస్తకం అచ్చువేయించాడు. సుమారు 2,500 కష్టమైన మాటలు, వాటికి తేలిక మాటల్లో అర్థాలు, అక్షరాల వరసలో. ఇంగ్లీషుకు ఇంగ్లీషులోనే అర్థం చెప్పిన మొదటి నిఘంటువు అదే అంటారు. అది ఎవరి కోసమో ఆయన ముఖపత్రం మీదే అచ్చువేశాడు – స్త్రీల కోసం, చదువు అంతగా లేని తక్కిన వారి కోసం అని!

నేనీ సంగతి మొదటిసారి చదివినప్పుడు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నిఘంటువు అంటే ప్రొఫెసర్ల బల్ల మీది వస్తువని అనుకుంటూ వచ్చాను. తీరా చూస్తే మొదట పుట్టిందే మనలాంటి వాళ్ళ కోసం. బడి తలుపు మూసి ఉన్న ఆడవాళ్ళకు కిటికీలోంచి అందించిన పుస్తకం అది.

ఆ పంతులు ఇంకొక మంచి పని చేశాడు. అక్షరాల వరస చూడకుండా వచ్చేలా నేర్చుకోండి, మొదటి అక్షరాన్ని బట్టి పుస్తకం మొదట్లో వెతకాలో చివర్లో వెతకాలో తెలుస్తుంది అని పాఠకులకు విడమరిచి చెప్పాడు. నవ్వకండి. ఈనాటికీ మనం తడబడేది అక్కడే. డాక్టరు ‘న్యుమోనియా’ అన్నాడని ‘ఎన్’ దగ్గర వెతికితే దొరకదు; అది ‘పి’ దగ్గర ఉంటుంది. ‘సైకాలజీ’ కూడా ‘పి’ తోనే. కూరలు తరిగే ‘నైఫ్’ ‘కె’ తో మొదలవుతుంది. చెవికి వినిపించిన అక్షరం వేరు, పుస్తకంలోని అక్షరం వేరు. అందుకే విన్న మాట దొరకకపోతే పుస్తకాన్ని తిట్టుకోకుండా, పలకని అక్షరం ముందేమైనా దాగి ఉందేమో అని చూడాలి. ప్రతి పేజీ నెత్తిన ఆ పేజీలోని మొదటి మాట, చివరి మాట అచ్చువేసి ఉంటాయి. బస్సు మీది ఊరిపేరు బోర్డులాంటివి అవి. వాటిని చూసుకుంటూ పోతే మాట చప్పున దొరుకుతుంది.

ఇక మన తెలుగు నాటికి వద్దాం. తెలుగు మాటలను అకారాది వరసలో పెట్టిన తొలి నిఘంటువు ‘ఆంధ్రదీపిక’. పందొమ్మిదో శతాబ్దం ఆరంభంలో దాన్ని కూర్చింది బందరుకు చెందిన మామిడి వెంకయ్య గారు. ఆయన ఒక వర్తకుడు! లెక్కల పుస్తకాలతో కాలక్షేపం చేయవలసిన మనిషి మాటల లెక్క తేల్చాడు. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెంట్ జార్జి కాలేజీ పెట్టి తెల్లదొరలకు తెలుగు, తమిళం నేర్పడం మొదలుపెట్టారు. అక్కడి క్యాంబెల్ దొర 1821లో తెచ్చిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుకు వెంకయ్య గారి పుస్తకమే ఆధారం. ఆ తర్వాత మోరిస్ దొర 1835లో ఒకటి, 1839లో ఒకటిగా రెండు భాగాల్లో ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు అచ్చువేయించాడు.

అయితే ఈ పుస్తకాలు రాక మునుపే ఇంగ్లీషు నేర్చిన తెలుగువారు లేకపోలేదు. వెన్నెలకంటి సుబ్బారావు గారి పేరు మీలో కొందరు విని ఉంటారు. 1784లో పుట్టారు. ఒంగోలు వారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే వరకు ఒంగోలు తాలూకా మన నెల్లూరు జిల్లాలోదే కాబట్టి, ఒక లెక్కన మనవారే. ఆయన 1815 నుంచి 1829 వరకు మద్రాసు సదరు కోర్టులో అనువాదకుడుగా, దుబాసీగా పనిచేశారు. తన జీవిత కథను ఇంగ్లీషులోనే వ్రాసుకున్నారు. ఆయన పోయిన చాలా కాలానికి, 1873లో, అది అచ్చయింది. కోర్టు దుబాసీ పని ఎంత కత్తి మీద సామో ఒక్కసారి ఊహించండి. రైతు ఒకటి చెబుతాడు, దొరకు అది ఇంగ్లీషులో చెప్పాలి. ఒక్క మాట పక్కకు జరిగితే పొలం ఒకరిది ఇంకొకరికి పోతుంది. నా ‘ప్రెజుడిస్’ వంటి పొరపాటు ఆయన చేసి ఉంటే ఎన్ని ఇళ్ళ గాజులు పోయేవో!

ఆ సుబ్బారావు గారే 1820లో మద్రాసు స్కూలు పుస్తకాల సంఘం సభ్యుడుగా ఉండి, ఆనాటి బడులను గురించి ఒక నివేదిక ఇచ్చారు. పిల్లలు ఏళ్ళ తరబడి పద్యాలు వల్లె వేస్తున్నారు గానీ అర్థం తెలిసి చదవడం లేదని అందులో బాధపడ్డారు. ఇప్పుడు మన ఇళ్ళల్లో రోజుకు పది ఇంగ్లీషు మాటలు, పక్కన అర్థాలు వ్రాసిపెట్టి పిల్లల చేత కంఠతా పట్టిస్తున్నామే, ఆ పద్ధతి చూస్తే ఆయన ఏమనేవారో! ‘ఎ’ అక్షరం నుంచి మొదలుపెట్టి మాటలు బట్టీ పట్టిన వాళ్ళు ‘బి’ దాకా పోయిన దాఖలా నాకైతే కనిపించలేదు. నేనే ఒకసారి మొదలుపెట్టి ‘ఎ’ లోనే ఆగిపోయాను.

ఇప్పుడు బ్రౌను దొరగారి దగ్గరికి వద్దాం. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు చేరి, ఆ కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర తెలుగు మొదలుపెట్టారు. 1820లో కడపకు ఉద్యోగానికి వెళ్ళారు. తర్వాత బందరు, గుంటూరు, మళ్ళీ కడప. వేమన పద్యాలను పోగు చేసి 1829లో అచ్చువేయించింది ఆయనే. సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, తాటాకు ప్రతులు నకళ్ళు తీయించి, దశాబ్దాల పాటు మాటలు కూడబెట్టారు. జూలూరి అప్పయ్య గారి వంటి పండితులు ఆయన పక్కన కూర్చుని పనిచేశారు. 1852లో తెలుగు–ఇంగ్లీషు, ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు వెలువడ్డాయి. 1854లో మూడోది, మిశ్రభాషా నిఘంటువు వచ్చింది. అర్జీ, రసీదు, వకీలు, కచేరీ – ఇలా పరభాషల నుంచి వచ్చి మన వ్యవహారంలో కలిసిపోయిన మాటల కోసం అది.

ఆయన పడ్డ అవస్థ మనం ఊహించవచ్చు. ‘పట్టు’ అన్న ఒక్క మాట తీసుకోండి. చేపలు పట్టాడు, తుప్పు పట్టింది, బిడ్డకు పాలు పట్టింది, వచ్చేసరికి గంట పట్టింది, పిచ్చి పట్టింది, పట్టు చీర కట్టింది. మనకు ఇందులో చిక్కేమీ లేదు. పరాయి దేశం మనిషికి మాత్రం తల తిరుగుతుంది. ఏ ‘పట్టు’ ఏదో వాక్యాన్ని బట్టే తెలియాలి. అందుకే బ్రౌను గారు మాట పక్కన అర్థం వ్రాసి ఊరుకోలేదు. కావ్యాల్లో ఎలా వాడారో, జనం నోట ఎలా ఉందో ఉదాహరణలు కూడా చేర్చారు. ఇంగ్లీషుతో మన అవస్థా సరిగ్గా ఇదే, తిరగేసి చూస్తే. ‘ఇంటరెస్టు’ అంటే ఆసక్తి. బ్యాంకు కాగితంలో వడ్డీ. ‘మెచ్యూరిటీ’ అంటే పరిపక్వత. ఇన్సూరెన్సు పాలసీలో గడువు తీరి డబ్బు చేతికి రావడం. ‘డెలివరీ’ ఆస్పత్రిలో ప్రసవం, తపాలా వాళ్ళ దగ్గర బట్వాడా. మొదటి అర్థం చూసి పుస్తకం మూసేస్తే ఏమవుతుందో నా కథ చెప్పనే చెప్పాను.

బ్రౌను గారి జీవితంలో మాటను గురించిన ఘట్టం ఒకటుంది. నాకు ఆయన నిఘంటువుల కంటే అదే ఎక్కువ గుర్తు. 1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చింది. లక్షకు పైగా జనం చనిపోయారు. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. బ్రౌను అప్పుడు గుంటూరులో ఉద్యోగం చేస్తున్నారు. ఆయన తన కాగితాల్లో దాన్ని ‘ఫామిన్’ అని వ్రాశారు. అంటే కరువు, క్షామం. తక్కిన అధికారులకు ఆ మాట రుచించలేదు. వాళ్ళకు కావలసిన మాట ‘స్కేర్సిటీ’. అంటే కొరత. ఆ మాట వాడనందుకు బ్రౌను గారు పైవారి ఆగ్రహానికి గురయ్యారు.

నిఘంటువు తెరిస్తే ఈ రెండు మాటలూ ఒకదానికొకటి దగ్గరి చుట్టాలే. కానీ ఇంట్లో ఉప్పు నిండుకుంటే కొరత. పొయ్యిలో పిల్లి లేవకపోతే కరువు. కొరత అన్న చోట, మళ్ళీ ఏడు చూద్దాంలే అని ఊరుకోవచ్చు. కరువు అని ఒప్పుకుంటే గంజికేంద్రాలు తెరవాలి, పన్ను వసూలు ఆపాలి. ఒక్క మాటకు ఎంతమంది ప్రాణాలు వేలాడతాయో చూశారా! అందుకే చెబుతున్నాను – ఒక మాటకు నిఘంటువులో నాలుగు సమానార్థకాలు కనిపిస్తే, నాలుగూ ఒకటేనని అనుకోవద్దు. ఆ నాలుగింటినీ విడివిడిగా వెతికి, ఏది ఎంత బరువుదో తూచి చూడండి. కూరగాయల అంగట్లో మనం చేసే పనే అది.

చిత్రమేమంటే, బ్రౌను గారి నిఘంటువులు వచ్చిన 1852లోనే ఇంగ్లండులో పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడు పర్యాయపదాల కోశం ఒకటి వెలువరించాడు. మాటలు భావాల వారీగా ఉంటాయి అందులో – మన అమరకోశం పద్ధతే! థిసారస్ అని పిల్లలు అంటూంటారు చూడండి, అది ఇదే. వ్రాసే వాళ్ళకు మంచి సాయం. కానీ ఆ కోశంలో మాటలు వరసగా నిలబెట్టి ఉంటాయి, తేడాలు విప్పి చెప్పి ఉండవు. కాబట్టి అందులో ఎంచిన మాటను మామూలు నిఘంటువులో సరిచూసుకోకుండా ఉత్తరంలో పెట్టకండి.

బ్రౌను గారు ఉద్యోగం నుంచి విరమించి లండను వెళ్ళి, అక్కడి యూనివర్సిటీలో తెలుగు ఆచార్యుడుగా కూడా ఉండి, 1884 డిసెంబరులో కన్నుమూశారు. అదే 1884లో, ఫిబ్రవరిలో, ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు మొదటి భాగం అచ్చయింది. అది పూర్తయ్యేసరికి 1928 వచ్చింది. నాలుగు లక్షలకు పైగా మాటలు. అంత పెద్ద పుస్తకం ఎలా తయారయిందో తెలిస్తే మీకు మన వంటింటి పని గుర్తుకొస్తుంది. సంపాదకుడు జేమ్స్ మర్రే తన ఇంటి దొడ్లో ఒక రేకుల షెడ్డు వేసుకున్నాడు. మీరు చదివే పుస్తకాల్లో ఒక మాట కనిపిస్తే, అది ఉన్న వాక్యంతో సహా చిన్న చీటీ మీద వ్రాసి పంపండి అని అందరికీ విజ్ఞప్తి చేశారు. చీటీలు లక్షల్లో వచ్చాయి. ఎడిత్ థాంప్సన్ అనే ఆవిడ, ఆవిడ చెల్లెలు కలిసి వేల చీటీలు వ్రాసి పంపారు. మర్రే గారి పిల్లలు ఇంట్లో కూర్చుని వాటిని అక్షరాల వరసలో ఏరి పెట్టేవారు. పెద్దయ్యాక ఆయన కూతుళ్ళు హిల్డా, ఎల్సీ, రోస్‌ఫ్రిత్ కూడా ఆ పనిలో చెయ్యి వేశారు. బియ్యంలో రాళ్ళు ఏరే ఓపికతోనే ప్రపంచంలోకెల్లా పెద్ద నిఘంటువుల్లో ఒకటి తయారయింది.

నా పద్ధతి నేను ఆ చీటీల నుంచే నేర్చుకున్నాను. క్యాలెండరు కాగితం వెనుక వైపు చిన్న ముక్కలుగా కత్తిరించి పోపులపెట్టె పక్కన ఒక డబ్బాలో పెట్టుకున్నాను. కొత్త మాట కనిపిస్తే ముందు ఆ వాక్యం మొత్తం వ్రాస్తాను. అర్థం ఏమై ఉంటుందో నాకు తోచింది పెన్సిలుతో వ్రాస్తాను. తర్వాతే నిఘంటువు తీస్తాను. అన్ని అర్థాలూ కింద దాకా చదివి, ఏది ఆ వాక్యంలో ఇముడుతుందో చూసి, దాన్ని పెన్నుతో వ్రాస్తాను. వెనక వైపు నా ఇంటి సంగతి ఒకటి తీసుకుని అదే మాటతో సొంత వాక్యం. వారం తర్వాత చీటీ తీసి, అర్థం కప్పిపెట్టి, గుర్తుందో లేదో పరీక్షించుకుంటాను. రోజుకు రెండు మాటలు చాలు. రెండే గదా అనుకోవద్దు. ఏడాదికి ఏడు వందల చిల్లర అవుతాయి.

తాతయ్య అన్న మాట నాకు తెలిసింది అప్పుడే. ముందు ఉత్తరం, ఆ తర్వాత నిఘంటువు, మళ్ళీ ఉత్తరం. ఈ వరస తప్పకూడదు.

మరి ఏ నిఘంటువు కొనాలి? మన ఇళ్ళల్లో తరతరాలుగా ఉన్నది పి. శంకరనారాయణ గారి ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు. పందొమ్మిదో శతాబ్దం చివర వచ్చిన ఆ పుస్తకం ఎందరినో ఒడ్డున వేసింది. తెలుగు అర్థం చప్పున తెలియడానికి అలాంటిది ఇంట్లో ఉండాలి. కానీ వంద ఏళ్ళ నాటి తెలుగు మాటకే మనం మళ్ళీ అర్థం వెతుక్కోవలసి రావచ్చు. ఇంగ్లీషులో మాట్లాడాలి, వ్రాయాలి అనుకునే వారికి దాని పక్కన ఇంకొకటి కావాలి. అది కూడా మన దేశపు పిల్లల అవసరంలోంచే పుట్టిందంటే నమ్ముతారా? మైకేల్ వెస్ట్ అనే ఆయన ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసేవాడు. నిఘంటువులో అర్థం చూస్తే ఆ అర్థమే అర్థం కాక బెంగాలీ పిల్లలు దిక్కులు చూడటం ఆయన గమనించాడు. 1935లో ఆయన మరొకరితో కలిసి ఒక నిఘంటువు తెచ్చాడు. అందులో 24,000 మాటలు, పలుకుబడులు ఉన్నాయి. వాటన్నింటికీ అర్థం చెప్పడానికి వాడిన మాటలు మాత్రం 1,490! ఆ కొద్ది మాటలు వస్తే పుస్తకమంతా అర్థమవుతుంది. ఆ తర్వాత జపానులో ఇంగ్లీషు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ, తన తోటివారితో కలిసి 1942లో టోక్యోలో ఒకటి అచ్చువేయించాడు. 1948లో ఆక్స్‌ఫర్డు వారు దాన్నే మళ్ళీ వేశారు. ఇప్పుడు బడిపిల్లలు కొనే లెర్నర్స్ డిక్షనరీలకు ఇవే పెద్దక్కలు.

వాటిలో ప్రత్యేకత ఏమంటే, ఇంగ్లీషు ఇంటి భాష కాని వాళ్ళు ఎక్కడ తప్పటడుగు వేస్తారో తెలిసి వ్రాసినవి. మాట ఎలా పలకాలి, దాని వెనక ఏ మాట రావాలి, అది లెక్కపెట్టగల వస్తువా కాదా, అన్నీ గుర్తులతో ఉంటాయి. ‘ఫర్నిచర్స్’ అనకూడదు, ‘ఫర్నిచర్’ అనే అనాలి అన్న సంగతి అక్కడే తెలుస్తుంది. పుస్తకం మొదట్లో ఆ గుర్తుల పట్టిక ఉంటుంది. కొత్త కుక్కరు కొంటే కాగితం చదవకుండా పొయ్యి మీద పెట్టం గదా; ఇదీ అంతే. ఆ నాలుగు పేజీలూ ఒక మధ్యాహ్నం కూర్చుని చదివేయండి.

ఇంకొక్క మాట. పెద్ద పెద్ద మాటల వెంట పడకండి. ఇంగ్లీషులో ప్రాణమంతా చిన్న మాటల్లో ఉంది. ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు 1989 ముద్రణలో ‘సెట్’ అన్న మూడక్షరాల మాటకు 430 అర్థాలు ఇచ్చారు. అన్నిటిలోకీ పొడుగైన వివరణ దానిదే. మన ‘పట్టు’ లాంటిదన్నమాట! ‘పుట్’, ‘గెట్’, ‘టేక్’ – ఈ మాటలను ఒక్కొక్కటి వారం పాటు పట్టుకోండి. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం, ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం. రెండోది మనకు చేతనైనంతగా ఎవరికి చేతనవుతుంది!

మాట పుట్టుపూర్వోత్తరాలు కూడా చూడండి, గుర్తుంటుంది. ‘బాండికూట్’ అన్న మాట చూసినప్పుడు నాకు నవ్వాగలేదు. అది మన పందికొక్కు! తెలుగు నుంచి ఇంగ్లీషులోకి పోయి, ఆస్ట్రేలియాలో వేరే జంతువుకు పేరై కూర్చుంది. మైపాడు రేవులో చిన్నప్పుడు చూసిన కట్టుమరం, తమిళం వాకిట్లోంచి పోయి ‘కాటమరాన్’ అయింది. మన మాటలు అంత దూరం పోగా లేనిది, వాళ్ళ మాటలు మన వంటింటి దాకా వస్తే బెదరడం ఎందుకు?

మా ఇందుకూరుపేట మండలంలోనే, పెన్న ఒడ్డున పల్లిపాడు ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ అక్కడ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. ఆ ఆశ్రమానికి అండగా నిలిచిన పొణకా కనకమ్మ గారు 1892లో పుట్టారు. చిన్ననాడే పెళ్ళి. బడి చదువు లేదు. ఇంట్లోనే స్వయంకృషితో చదువుకున్నారు. కవిత్వం వ్రాశారు. తనకు దక్కని బడిని పరాయి ఆడపిల్లలకు ఇవ్వాలని 1923లో నెల్లూరులో కస్తూరీదేవి విద్యాలయం పెట్టారు. బడి దొరకని మనిషి ఇంటినే బడి చేసుకుంటే, అది ఆమెతో ఆగదనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

ఇంగ్లీషు వస్తేనే గొప్పవాళ్ళమని నేను చెప్పడం లేదు. కానీ ఆస్పత్రి చీటీ, బ్యాంకు కాగితం, పిల్లల బడి నోటీసు మన చేతికే వస్తాయి, సంతకం మనమే పెట్టాలి. అర్థం తెలియక పెట్టిన సంతకానికి, తెలియక వెనక్కు పంపిన చెక్కుకు బాధ్యత కూడా మనదే అవుతుంది. ఈ రోజు భోజనాలయ్యాక ఇంట్లో ఉన్న ఇంగ్లీషు కాగితం ఒకటి తీయండి. అందులో తెలియని మాట ఒక్కటి, ఒక్కటే, వాక్యంతో సహా చీటీ మీద వ్రాయండి. తర్వాత బీరువా మీది పుస్తకం దించండి.

మా అమ్మ ఇప్పటికీ ఇందుకూరుపేటలోనే ఉంది. ఏదైనా కాగితం వస్తే ఫోను చేస్తుంది. నేను చదివి అర్థం చెబుతాను. అంతా విని, గాజుల సంగతి ఒక్క మాటైనా ఎత్తకుండా, నిదానంగా అడుగుతుంది: ‘‘అమ్మాయ్, కింద దాకా చూశావా?’’

చూశానమ్మా అంటాను. చూసిన తర్వాతే అంటాను.

సెలవు.